ఫోర్క్ కారుతోందని సీల్‌ని తిట్టే ముందు

పాత బండి ముందు ఫోర్క్, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపు తగ్గించే ఆ రెండు కాళ్లు, ఆయిల్ కారడం మొదలైతే మన దగ్గర జరిగే కథ ఒకటే. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తాం, ఆయన ఒక చూపు చూసి "సీల్ పోయిందన్నా" అంటాడు, రెండు సీళ్లు తెప్పిస్తాడు, సాయంత్రానికి బండి చేతికిస్తాడు. నెల తిరక్కముందే పైపు మీద మళ్లీ ఆ నల్లటి జిడ్డు. ఈసారి డూప్లికేట్ సీల్ అంటగట్టాడని అందరం కలిసి షాపువాణ్ణి తిడతాం. డూప్లికేట్ సీళ్లు ఉన్న మాట నిజమే, కాదనను. కానీ చాలాసార్లు సీల్ పోవడానికి కారణం ఫోర్క్‌లోనే ఇంకో చోట ఉంటుంది. అది అక్కడే ఉండగా ఎంత మంచి సీల్ వేసినా దానికీ అదే గతి.

నేను చెప్పేది మట్టి దారుల్లో తిరిగే పాత బండ్ల గురించి. అసలు సిసలు ఆఫ్‌రోడ్ బండ్లు, అంటే 1968లో యమహా డీటీ-1 వచ్చాక ఊపందుకున్న తరహావి, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎక్కడో ఒకటీ అరా తప్ప కనపడవు. మనవాళ్లు చేసేది ఆర్ఎక్స్ 100కో యెజ్డీకో బటన్ టైర్లు వేసి, ముందు మడ్‌గార్డ్ ఎత్తి కట్టి, ఉదయగిరి కొండ దారుల్లోకో పెంచలకోన వైపో మైపాడు ఇసుకలోకో దించడం. ఆర్ఎక్స్ 100 తయారీ, మైసూరు యెజ్డీ తయారీ రెండూ 1996లోనే ఆగిపోయాయి కాబట్టి ఎంత కొత్తదనుకున్నా ఆ ఫోర్క్‌కి 30 ఏళ్లు. అదృష్టం ఏంటంటే లోపలి సరంజామా అన్నిటికీ ఇంచుమించు ఒకటే, ఒకదాన్ని అర్థం చేసుకుంటే మిగతావి కూడా విప్పగలం.

ఆయిల్‌తో కుదుపుని అదుపు చేసే టెలిస్కోపిక్ ఫోర్క్‌ని 1935లో బీఎండబ్ల్యూ తన ఆర్12 మీద తెచ్చింది. అప్పటి నుంచి అసలు సూత్రం పెద్దగా మారలేదు. పైన టీకి, అంటే హ్యాండిల్ కింద రెండు కాళ్లనీ కలిపి పట్టే దిమ్మకి, బిగించిన ఉక్కు పైపు ఉంటుంది, దాని మీద బాటమ్ అనే అల్యూమినియం గొట్టం చక్రంతో పాటు పైకీ కిందికీ జారుతుంది. బరువు మోసేది లోపలున్న స్ప్రింగ్. ఆయిల్ బరువు మోయదు, డ్యాంపర్ రాడ్‌కి ఉన్న చిన్న చిన్న బొక్కల్లోంచి దూరి వెళ్లడానికి ఇబ్బంది పడుతుంది, ఆ ఇబ్బంది వల్లే స్ప్రింగ్ ఎగరకుండా ఉంటుంది. బాటమ్ పై అంచులో, పైపుని చుట్టుకుని, కూర్చునేదే ఆయిల్ సీల్. దాని లోపలి రబ్బరు పెదవి చుట్టూ వెంట్రుకంత సన్నని స్ప్రింగ్ ఒకటి ఉండి, ఆ పెదవిని పైపుకి అదిమి పెడుతుంది. దాని పైన డస్ట్ సీల్, దుమ్ము లోపలికి దిగకుండా. అంటే మట్టిలో కదిలే ఒక ఉక్కు పైపుకీ లోపలున్న ఆయిల్‌కీ మధ్య ఉన్న అడ్డు మొత్తం ఆ పెదవి అంచు ఒక్కటే.

విప్పకముందే చేయాల్సిన పని ఒకటుంది, ఎవరూ చేయరు. అసలు ఎక్కడ కారుతోందో చూడటం. గాలికి ఆయిల్ ఎటుపడితే అటు పాకుతుంది, కింద తడి కనపడినంత మాత్రాన అక్కడే కారినట్టు కాదు, పైన జిడ్డున్నంత మాత్రాన సీలే పోయినట్టూ కాదు. ఫోర్క్ మొత్తం కిరోసిన్‌తో కడిగి, పొడి గుడ్డతో తుడిచి, ఇంట్లో ముఖానికి రాసుకునే పౌడరు పైపు మీదా బాటమ్ మీదా చల్లండి. ముందు బ్రేక్ పట్టుకుని హ్యాండిల్ మీద బరువేసి నాలుగైదుసార్లు గట్టిగా నొక్కితే పౌడరు ఎక్కడ తడిసిందో అక్కడే కారుతున్నట్టు. సీల్ దగ్గర తడిస్తే సరే. కింద ఇరుసు పక్కన తడిస్తే డ్యాంపర్ రాడ్‌ని పట్టే అలెన్ బోల్టు కిందున్న రాగి వాషర్ నలిగిపోయిందన్నమాట, లేదా డ్రెయిన్ స్క్రూ వాషర్. ఈ రెండూ పది నిమిషాల పని, సీల్‌తో సంబంధమే లేదు. పైమూత దగ్గర తడిస్తే దాని కిందున్న రబ్బరు ఓ-రింగ్ పోయినట్టు.

సీల్ దగ్గరే అని తేలినా వెంటనే స్పానర్ పట్టక్కర్లేదు. ఇసుక రేణువో ఎండిన బురద పెళ్లో పెదవి కింద ఇరుక్కుంటే మంచి సీల్ కూడా కారుతుంది. ఇంట్లో పాత ఎక్స్‌రే ఫిల్మ్ ఉంటుంది కదా, దాన్ని సన్నటి పట్టీలా కత్తిరించి చివర చిన్న కొక్కెంలా మలచండి. డస్ట్ సీల్‌ని జాగ్రత్తగా పైకి లేపి, ఆ ఫిల్మ్‌ని పైపుకీ సీల్‌కీ మధ్య దూర్చి చుట్టూ ఒక్కసారి తిప్పి బయటికి లాగితే లోపలున్న చెత్త దానికి అంటుకుని వస్తుంది. మూడు నాలుగుసార్లు తుడుస్తూ చేయండి. బీచ్‌కి వెళ్లొచ్చిన మర్నాడు ఉన్నట్టుండి కారడం మొదలుపెట్టిన ఫోర్క్ చాలాసార్లు దీంతోనే ఆగిపోతుంది. ఆగకపోతే అప్పుడు విప్పుదాం.

ఇక అసలు విషయం, పైపు. నెల్లూరు ఆటోనగర్‌లో లేత్ పట్టే ఒక పెద్దాయన నా చేతిలో సీళ్లు చూసి, "సీల్‌కేం తెలుసబ్బయా, పైపు ఎట్టుంటే అది అట్టుంటది" అన్నాడు. అక్షరాలా నిజం. పైపు మీది క్రోమ్ చూడ్డానికి అద్దంలా ఉన్నా అది పలచటి పొర, అందులో కంటికి కనపడని సన్నని పగుళ్లుంటాయి. ఉప్పు నీళ్లు ఆ పగుళ్లలోంచి ఉక్కు దాకా దిగితే లోపల తుప్పు పుట్టి ఉబ్బుతుంది, క్రోమ్‌ని పైకి లేపేస్తుంది, చివరికి సూది మొనంత గుంట పడుతుంది. ఆ గుంట అంచు బ్లేడు లాంటిది. చక్రం గుంతలో పడ్డప్పుడల్లా ఆ అంచు సీల్ పెదవిని కోసుకుంటూ పోతుంది. మన తీరం సంగతి తెలిసిందే. ఇసకపల్లి ఉప్పు కొటార్ల పక్కన, ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద రోజూ తిరిగే బండికి తుప్పు పట్టకపోతేనే ఆశ్చర్యపోవాలి. లోపలికి వెళ్తే ఉప్పు తగ్గుతుంది గానీ దుమ్ము మొదలవుతుంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీల దగ్గర లేచే ఆ మెత్తటి బూడిదరంగు పొడి డస్ట్ సీల్ కిందికి చేరి ఆయిల్ జిడ్డుతో కలిస్తే రుబ్బే ముద్ద తయారవుతుంది, పైపు మీద సన్నటి నిలువు గీతలు గీస్తుంది.

పైపుని కళ్లతో చూస్తే సరిపోదు. తుడిచి, బొటనవేలి గోరుని పైనుంచి కిందికి నెమ్మదిగా జార్చండి, చుట్టూ తిరుగుతూ. గోరుకి ఎక్కడ టక్కుమని తగిలిందో అక్కడ మార్కర్‌తో గుర్తు పెట్టండి. గోరుకి అందనివి దూదికి అందుతాయి, చిన్న దూది ఉండతో పైపు మీద రాస్తే పోగులు చిక్కుకున్న చోటల్లా అంచు లేచి ఉన్నట్టు. తర్వాత తేల్చుకోవాల్సింది ఆ గుంటలు సీల్ తిరిగే మేరలో ఉన్నాయా లేదా అన్నది. డస్ట్ సీల్‌కి ఆనించి పైపుకి ఒక ప్లాస్టిక్ ట్యాగ్ బిగించి, మీరు మామూలుగా తిరిగే దారిలో ఒక రౌండ్ వేసి రండి. సీల్ ఆ ట్యాగ్‌ని ఎంతవరకు నెట్టిందో అక్కడిదాకానే మీకు లెక్క. దానికి పైన, టీ దగ్గర ఎంత తుప్పున్నా చూడ్డానికి బాగోదు తప్ప ఆయిల్ కారదు. నిలబెట్టిన బండిలో సీల్‌కి పైన రెండు మూడు అంగుళాల దాకా ఒక్క గుంట ఉన్నా వదలకండి, ఎందుకంటే అక్కడే పెదవి రోజుకి వేలసార్లు తిరుగుతుంది.

ఈ విషయంలో రబ్బరు బూట్లు మనల్ని మోసం చేస్తాయి. పాత బండ్లకి పైపు మీద ముడతలు ముడతలుగా తొడిగే ఆ బూట్లు దుమ్ముని ఆపుతాయి, సందేహం లేదు. కానీ కిందున్న గాలి బొక్క బురదతో మూసుకుపోతే లోపలికి చేరిన ఉప్పు నీళ్లు బయటికి పోలేవు, నెలల తరబడి అక్కడే మగ్గుతాయి. పైకి బండి ముస్తాబుగా ఉంటుంది, బూటు లాగి చూస్తే పైపు గజ్జి పట్టినట్టుంటుంది. తీరంలో ఉండేవాళ్లు బూట్లు వేసుకోండి, వద్దనను, కానీ నెలకోసారైనా కిందికి లాగి తుడవండి.

గుంటలు రెండు మూడే ఉంటే ఇంట్లోనే సరిచేయొచ్చు. ముందు 1000 నంబరు వాటర్ పేపర్‌ని ఆయిల్‌లో తడిపి లేచిన అంచుల్ని అణచాలి. పైపు పొడవునా రుద్దకండి, చుట్టూ అడ్డంగా రుద్దండి, నిలువు గీత పడితే ఆయిల్‌కి మీరే కాలవ తవ్వినట్టు. తర్వాత గుంటలో ఆయిల్ లేకుండా థిన్నర్‌తో కడిగి, రెండు ట్యూబుల్లో వచ్చే ఎపాక్సీ జిగురు కలిపి నింపి, ఒక రోజంతా గట్టిపడనిచ్చి, కొత్త బ్లేడుతో సమానంగా చెక్కి, 2000 నంబరు పేపర్‌తో నున్నగా చేయాలి. ఇది కొన్నాళ్లు గడుపుకోవడానికే. గుంటలు చేతివేళ్లతో లెక్కపెట్టలేనన్ని ఉంటే ఎపాక్సీతో కుస్తీ పట్టకండి. ఆర్ఎక్స్‌కీ యెజ్డీకీ కొత్త పైపులు దొరుకుతాయి, పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్తే జీపీ రోడ్‌లో ఏదో ఒక షాపులో ఉంటాయి. దొరకని విదేశీ బండి అయితేనే పాత క్రోమ్ తీయించి, హార్డ్ క్రోమ్ వేయించి, కొలతకి గ్రైండింగ్ చేయించడం. అంబత్తూరు, గిండీ పారిశ్రామిక వాడల వైపు అలాంటి పనివాళ్లున్నారు. ఇచ్చేటప్పుడు అసలు కొలత మైక్రోమీటర్‌తో తీసి కాగితం మీద రాసి ఇవ్వండి. పైపు లావైతే సీల్ బిగుసుకుంటుంది, సన్నమైతే వదులవుతుంది, రెండూ కారతాయి.

పైపు నున్నగా ఉన్నా వంగి ఉండొచ్చు. ఒకసారి గట్టిగా పడ్డ బండి, లేదా క్వారీ దారిలో లోడుతో గుంతలో దిగిన బండి అయితే అనుమానించాల్సిందే. పైపుని బల్ల అద్దం మీద పెట్టి దొర్లిస్తే కింద వెలుతురు సందు పెరుగుతూ తరుగుతూ కనపడుతుంది. సరిగ్గా తెలుసుకోవాలంటే లేత్ షాపులో వి-బ్లాకుల మీద పెట్టి డయల్ గేజ్ ఆనించమనండి. జపాన్ బండ్ల మాన్యువల్స్‌లో మామూలుగా కనపడే హద్దు 0.2 మిల్లీమీటర్లు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది, డయల్ ముల్లు మొత్తం ఎంత తిరిగిందో అందులో సగమే అసలు వంపు. కొద్దిగా వంగితే ప్రెస్ మీద సరిచేస్తారు, టీ కింద ముడత పడినట్టు మడిచిపోయి ఉంటే మాత్రం పారేయండి, ప్రాణాలతో చెలగాటం వద్దు.

బుష్‌లు, అంటే పైపు జారే చోట అరుగుదల కోసం వేసే లోహపు చుట్లు, వాటి సంగతి క్లుప్తంగా చెప్తాను. పాత చిన్న ఫోర్కుల్లో చాలావాటికి విడి బుష్‌లే ఉండవు, ఉక్కు పైపు నేరుగా అల్యూమినియం మీదే జారుతుంది. అరిగాక పైపు లోపల అటూ ఇటూ ఊగుతుంది, సీల్ పెదవి ఆ ఊగుడుకి తట్టుకోలేక ఒక పక్క ఎడం ఇస్తుంది. చక్రం నేలకి తగలకుండా లేపి బాటమ్‌ని ముందుకీ వెనక్కీ ఊపుతూ, రెండో చేతి వేలు డస్ట్ సీల్‌కీ పైపుకీ మధ్య ఆనించి చూడండి. వేలికి కదలిక తెలిస్తే అరుగుదల ఫోర్క్‌లోనే ఉంది, వేలికి తెలియకుండా హ్యాండిల్ దగ్గర టక్ టక్ మంటే అది హ్యాండిల్ తిరిగే చోటున్న బాల్ రేస్ కప్పుల అరుగుదల. అరిగిన బాటమ్‌ని బోరింగ్ చేసి గన్‌మెటల్ బుష్ దించే టర్నర్లు ఉన్నారు, చేయి తిరిగినవాడైతేనే ఇవ్వండి.

ఇప్పుడు అందరూ పొరపడే చోటు, ఆయిల్ కొలత. "ముందు బాగా కొట్టేస్తోందన్నా, కాస్త ఎక్కువ పోయి" అనడం మనకి అలవాటు. పోస్తే నిజంగానే గట్టిపడినట్టు అనిపిస్తుంది, ఎందుకో చూడండి. ఆయిల్ పైన మూత దాకా ఉన్న గాలి కూడా ఒక స్ప్రింగే. 30 మిల్లీమీటర్ల పైపు 15 సెంటీమీటర్లు లోపలికి దిగితే సుమారు 106 మిల్లీలీటర్ల జాగా తగ్గిపోతుంది. గాలికి మొదట 180 మిల్లీలీటర్ల చోటుంది అనుకుందాం, అదంతా 74లోకి నలుగుతుంది, అంటే ఒత్తిడి మొదటిదానికి దాదాపు రెండున్నర రెట్లు. ఇప్పుడు ఒక్క 40 మిల్లీలీటర్ల ఆయిల్ ఎక్కువ పోశారనుకోండి, మొదట ఉన్న చోటు 140, పూర్తిగా దిగాక మిగిలేది 34, ఒత్తిడి నాలుగు రెట్లు దాటుతుంది. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికే, మీ బండివి వేరుగా ఉంటాయి. విషయం ఏంటంటే చిన్న గ్లాసులో సగం కూడా లేని ఆయిల్ సీల్ మీద పడే బరువుని అంతలా పెంచేస్తుంది. బయటికి పోవడానికి దారి సీల్ ఒక్కటే.

ఈ లెక్కతోనే ఇంకో అపోహ కూడా తేలిపోతుంది. రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే ఎండకి లోపల గాలి ఉబ్బి సీల్ తన్నేసిందంటారు. గాలి 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకి వేడెక్కినా ఒత్తిడి పెరిగేది పదో వంతే. ఎండ చేసే చెడు వేరు, ఏళ్ల తరబడి రబ్బరుని ఎండబెట్టి గట్టిపరుస్తుంది, పెదవిలో సాగే గుణం పోతుంది. ఇరవై ఏళ్లు షాపు అల్మరాలో పడున్న పాత స్టాక్ సీల్ కొత్తదే అయినా కొత్తది కాదు, గోటితో పెదవిని వంచి చూసి కొనండి. అన్నట్టు 70ల చివర్లో వచ్చిన మోటోక్రాస్ బండ్లకి ఫోర్క్ మూతల మీద గాలి వాల్వు ఉండేది. అలాంటిది చేతికొస్తే పంక్చర్ షాపు కంప్రెసర్ గొట్టం దగ్గరికి కూడా తీసుకెళ్లకండి. లోపలున్నది గ్లాసుడు గాలి, ఒక్క సెకనులో సీళ్లు లేచిపోతాయి.

ఆయిల్ రకం గురించి. 10డబ్ల్యూ, 15డబ్ల్యూ అని డబ్బా మీద రాసేది ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, ఫోర్క్ ఆయిల్స్‌లో ఆ నంబర్లకి కచ్చితమైన ఒప్పందం లేదు. ఒక కంపెనీ 10 ఇంకో కంపెనీ 15 అంత చిక్కగా ఉండొచ్చు, కాబట్టి వివరాల కాగితంలో 40 డిగ్రీల దగ్గర ఇచ్చే చిక్కదనం అంకెతో పోల్చుకోవాలి. 70ల నాటి హోండా మాన్యువల్స్‌లో ఆటోమేటిక్ కార్ల గేర్‌బాక్సుల్లో పోసే ఏటీఎఫ్ ఆయిల్ వాడమనే ఉండేది, అది ఇప్పటికీ పనికొస్తుంది. ఇంజిన్ ఆయిల్ పోస్తే కొంపలేం మునగవు గానీ కుదుపు మందంగా ఉంటుంది. బ్రేక్ ఆయిల్ మాత్రం చుక్క కూడా వద్దు, అది ఈ రబ్బరుని పాడు చేస్తుంది.

విప్పేటప్పుడు వరస ముఖ్యం. పైమూతని ఫోర్క్ ఇంకా టీలో బిగించి ఉండగానే వదులు చేయాలి, బయటికి తీశాక దాన్ని పట్టుకోవడం నరకం. టీ పై బోల్టు కాస్త వదులు చేశాకే తిప్పండి, లేకపోతే మర పట్టేస్తుంది. కింది అలెన్ బోల్టుని స్ప్రింగ్ లోపలుండగానే తిప్పండి, స్ప్రింగ్ బరువుకి డ్యాంపర్ రాడ్ కదలకుండా ఉంటుంది. ముందు స్ప్రింగ్ తీసేస్తే రాడ్ బోల్టుతో పాటు గిరగిరా తిరుగుతుంది, అప్పుడు చీపురు కర్ర చివర చెక్కి పైనుంచి గట్టిగా అదిమి పట్టడమే గతి. సీల్ పైన ఉండే లాక్ రింగు తుప్పు పట్టి ఉంటే రాత్రంతా డీజిల్‌లో నాననివ్వండి.

పాత సీల్ తీయడంలోనే సగం ఫోర్కులు చెడిపోతాయి. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే మెత్తటి అల్యూమినియం అంచు మీద గాటు పడుతుంది, ఆ తర్వాత ఆయిల్ పెదవి దగ్గర కాకుండా సీల్ వెలుపలి చుట్టు నుంచి కారుతుంది, ఎన్ని సీళ్లు మార్చినా అర్థం కాదు. బాటమ్‌ని బకెట్లో నిలబెట్టి సీల్ చుట్టూ మరిగే నీళ్లు పోయండి. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, సీల్ పట్టు సడలుతుంది, అంచు మీద చెక్క ముక్క వేసి దాని మీద ఆనించి ఎత్తితే లేస్తుంది. కొత్తది పెట్టేటప్పుడు పైపు చివరికి ఆయిల్ రాసిన పలచటి పాలిథీన్ కవరు తొడగండి, అప్పుడు పైపు అంచుకి పెదవి కోసుకోదు. సన్నని స్ప్రింగ్ ఉన్న వైపు కిందికి, అంటే ఆయిల్ వైపుకి ఉండాలి. సరిపోయే కొలత పీవీసీ పైపు ముక్కతో చుట్టూ సమానంగా దించండి, లాక్ రింగు గాడి మొత్తం కనపడేదాకా.

షాపులో ఇంకో సంగతి గమనించండి. సీల్ మీద లోపలి కొలత, బయటి కొలత, మందం అని మూడు అంకెలుంటాయి, అవి కలిస్తే చాలని టీసీ అని అచ్చున్న సీల్ ఇచ్చేస్తారు. అది గిర్రున తిరిగే షాఫ్ట్‌కి చేసింది, పైకీ కిందికీ జారే పైపుకి కాదు. ఫోర్క్ సీల్ అని అడిగి తీసుకోండి.

ఆయిల్‌ని మిల్లీలీటర్ల కంటే మట్టం చూసి పోయడం నయం. స్ప్రింగ్ లేకుండా, పైపుని పూర్తిగా దించి, ఆయిల్ పోసి, బుడగలు పోయేదాకా మెల్లగా పంపు చేసి, కాసేపు ఆగి, పైపు పై అంచు నుంచి ఆయిల్ ఎంత కిందుందో స్టీలు స్కేలుతో కొలవండి. ఎక్కువైతే సిరంజికి సన్న గొట్టం తగిలించి లాగేయండి. రెండు పక్కలా ఒకే మట్టం ఉండాలి, అది మాన్యువల్ చెప్పినంతే ఉండాలి.

చివర బిగించేటప్పుడు ఇరుసు బిగించి, దాన్ని పట్టే కింది క్లాంప్ నట్లు వదులుగానే ఉంచి, బండిని నేల మీద దించి ముందు బ్రేక్ పట్టి నాలుగుసార్లు నొక్కండి. కాళ్లు రెండూ తమంతట తాము సమాంతరంగా కూర్చుంటాయి, అప్పుడు నట్లు బిగించండి. ఇది చేయకపోతే ఒక కాలు పక్కకి లాగుతూనే ఉంటుంది, కొత్త సీల్ ఒకవైపే అరుగుతుంది. మొదటి రోజుల్లో పైపు మీద పలచటి తడి మెరుపు కనిపిస్తే టెన్షన్ పడకండి, తుడిస్తే వేలికి అంటేంత ఉంటే మామూలే, చుక్క కట్టి జారితేనే కారుతున్నట్టు.

డ్రమ్ బ్రేక్ బండి అయితే ఒక పని మిగిలే ఉంటుంది. కారిన ఆయిల్ బాటమ్ వెంట జారి బ్రేక్ ప్లేటు దాకా చేరి ఉంటుంది, డ్రమ్ విప్పి షూలు చూడండి. నల్లగా మెరుస్తూ ఆయిల్ తాగి ఉంటే పెట్రోల్‌తో కడిగి ఎండబెట్టి మళ్లీ వేయొద్దు, ఫోర్క్ కోసం పెట్టిన ఖర్చులో అదో చిన్న భాగం, కొత్త జత వేయండి.